ప్రాస లేని పద్యాలు నేర్పే ఆదివారం క్లాసు, నెల్లూరు

తిక్కన ఊళ్లో పద్యం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ రెండు గంటల క్లాసుకు తప్పక వెళ్లాలి. ముందుగా ఆటవెలది, తేటగీతి అనే రెండు పద్య ఛందస్సులు. రెంటికీ ప్రాస (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకే హల్లు కావడం) నియమం లేదు కాబట్టి కొత్తవాళ్లకు ఊపిరాడుతుంది. యతి మాత్రం వదలదు: నాలుగో గణం (అక్షరాల చిన్న గుంపు) మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి, అంటే ధ్వని పోలిక, కుదరాలి, లేదా ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలకు ప్రాస కుదర్చడం) వేసుకోవాలి.

గణాలు ఊరి పేర్లతోనే చెప్తారు, అదే ఈ క్లాసుకు ప్రాణం. 'పెన్న'లో ఒక గురువు (బరువైన అక్షరం), ఒక లఘువు (తేలికైన అక్షరం), కాబట్టి అది సూర్యగణం, చిన్న గణం. 'నెల్లూరు' తగణం (రెండు గురువులు, ఒక లఘువు), అంటే ఇంద్రగణాల్లో ఒకటి, పెద్ద గణం. ఆటవెలది పాదం సూర్యగణంతోనే మొదలవ్వాలి, అందుకే దాన్ని 'నెల్లూరు'తో ఎత్తుకుంటే గణం తప్పుతుంది. ఇంద్రగణాలు వచ్చేది బేసి పాదాల్లో నాలుగో చోట, ఐదో చోట, అక్కడే పెట్టాలి. ఎక్కువమంది తప్పేది సంయుక్తాక్షరం దగ్గర. 'పద్యము'లో 'ప'ను లఘువుగా లెక్కేస్తారు, వెనకాల 'ద్య' ఉంది కనుక అది గురువు.

నానీలు అనే చిట్టి కవితలకు పావుగంట చాలు: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు.

వచన కవిత దగ్గరే నిరాశ. పాదం ఎక్కడ విరవాలో, ఎందుకో చెప్పకుండా ముగించేశారు. ప్రాసా గణాలూ లేని చోట కవితను నిలబెట్టేది ఆ విరుపే, దానికి ఇంకో గంట ఇవ్వాలి.