నెల్లూరు దగ్గర ఐదేళ్ల బీటెక్ ప్లస్ ఎంటెక్: మూడున్నర స్టార్లు, చేరేముందు ఇవి అడగండి

నేను ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఇప్పుడు ఐదో ఏడాది, వీఎల్ఎస్ఐలో, అంటే చిప్ డిజైన్‌లో ఎంటెక్ నడస్తా ఉంది. మా అటానమస్ కాలేజీలో మూడో ఏడాది చివర్లో అప్లై చేసుకునే స్కీమ్ ఇది, సీజీపీఏ బాగుండి బ్యాక్‌లాగ్స్ లేకుంటే ఇస్తారు, ఆరేళ్ల చదువు ఐదేళ్లలో అయిపోద్ది. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇవి యాడ చేరినా అడగాల్సినవే.

ముందు లెక్క చూడండి. ఇంజినీరింగ్ చదువుల్ని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ మోడల్ కరిక్యులమ్‌లో బీటెక్‌కి 160 క్రెడిట్లు, ఎంటెక్‌కి 68, రెండూ కలిపితే 228. పది సెమిస్టర్లలో కుక్కితే సెమిస్టర్‌కి దాదాపు 23 పడతాయి, అదే మామూలు బీటెక్‌లో 20. అంత బరువు అందరూ మోయలేరు, కాబట్టి కొన్ని సబ్జెక్టులు రెండు డిగ్రీల్లోనూ లెక్కలోకి రావాలి, కొంత పని సమ్మర్‌లో జరగాలి. మా వాళ్లు ఇది బాగానే ఆలోచించారు. నాలుగో ఏడాదిలో ప్రొఫెషనల్ ఎలెక్టివ్స్ బదులు ఎంటెక్ వాళ్ల పక్కన కూర్చోబెట్టి పీజీ సబ్జెక్టులే చెప్పారు, పరీక్ష పేపర్ కూడా వాళ్లదే. కష్టంగా ఉండింది గానీ అట్టా ఉంటేనే దానికి విలువ, బీటెక్ ఎలెక్టివ్‌కే పేరు మార్చి పీజీ అని రాసే చోట చేరబాకండి.

నాకు బాగా నచ్చింది ప్రాజెక్ట్. ఫైనల్ ఇయర్ మేజర్ ప్రాజెక్టే థీసిస్‌గా సాగుద్ది, గైడ్ మారరు. లో పవర్ ఎస్‌ర్యామ్ (ఒక రకం మెమరీ) సెల్ మీద చేస్తన్నా, డిజైన్ టూల్ నేర్చుకోవడం, పాత రీసెర్చ్ పేపర్లు చదవడం అంతా నాలుగో ఏడాదిలోనే అయిపోయింది కాబట్టి ఐదో ఏడాది మొదటి వారం నుంచే సిమ్యులేషన్లు పెట్టగలిగా. మామూలు ఎంటెక్‌లో ఒక సెమిస్టర్ టాపిక్ వెతకడానికే పోద్దని సీనియర్లు చెప్తా ఉండారు. మా సార్ సాయంత్రం లేటయినా ల్యాబ్‌లో కూర్చుని లేఔట్ చూసేవారు, ఆయనకి వేరేగా ఐదు స్టార్లు.

ఇక స్టార్లు తగ్గించింది ఎందుకంటే, సమ్మర్‌ని కోర్సులో కలిపినప్పుడు సమ్మర్‌లో కాలేజీ బస్సు, హాస్టల్ మెస్సు కూడా నడపాలి గదా! రెండూ ఆపేశారు. కోవూరు నుంచి మే నెల ఎండలో రెండు ఆటోలు మారి పోవాల్సొచ్చింది, కావలి, గూడూరు నుంచి వచ్చే పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం.

రెండోది ఇంకా పెద్దది, బీటెక్ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు అన్నది. క్యాంపస్‌లో మంచి ఆఫర్ వచ్చి నాలుగేళ్లకే వెళ్లిపోదామంటే వీలుందని చేరేటప్పుడు చెప్పారు, కాగితం మీద మాత్రం లేదు. మా ఫ్రెండ్ ఒకమ్మాయికి జాబ్ వచ్చాక ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఎగ్జామ్ సెక్షన్ చుట్టూ తిప్పారు, పాపం జాయినింగ్ డేట్ దగ్గరపడేదాకా ఇవ్వలేదు. దయచేసి ఇది రాతలో అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఐదో ఏడాదికి వర్తిస్తదా, ఎంటెక్ ఎంట్రన్స్ గేట్‌లో క్వాలిఫై అయితే రెగ్యులర్ ఎంటెక్ వాళ్లకి ఇచ్చే నెలకి 12,400 స్టైపెండ్ మనకి వస్తదా అనేది కూడా.

అమెరికాకి పోవచ్చు గదా అని ఇంట్లో అంటారు. అక్కడి ఫోర్ ప్లస్ వన్ (నాలుగేళ్ల డిగ్రీ, ఒక ఏడాది మాస్టర్స్) ఎక్కువగా ఆ యూనివర్సిటీలోనే బీటెక్ లాంటిది చదివే పిల్లలకి, మనం ఇక్కడినుంచి పోయి చేరేది మామూలు ఎంఎస్‌లోనే. మన పక్కనే ఐఐటీ మద్రాసులో బీటెక్ మధ్యలో డ్యూయల్ డిగ్రీకి మారే పద్ధతి ఉంది, మన కాలేజీల వాళ్లు ఒకసారి అది చూసొస్తే బాగుంటది.

చిప్ డిజైన్, పీహెచ్‌డీ అనుకునే వాళ్లకి గట్టిగా చెప్తా, చేరండి. సాఫ్ట్‌వేర్ జాబే కావాలంటే ఈ ఐదో ఏడాది దండగ. అప్లికేషన్లు ఆరో సెమిస్టర్ ఎగ్జామ్స్ టైంలోనే తీసుకుంటారు, నోటీస్ బోర్డులో పెట్టరు, హెచ్ఓడీ రూమ్‌కెళ్లి అడగండి.