ఎనాక్సపారిన్ 40 పొట్ట ఇంజెక్షన్: తల్లికి రక్షణే, బిడ్డ బరువుకు మందు కాదు

గర్భిణికి డాక్టరు "పొట్ట ఇంజెక్షన్లు" రాశారంటే మన దగ్గర చాలావరకు అది ఎనాక్సపారినే. సనోఫీ వారి క్లెక్సేన్ దీనికి అసలు బ్రాండు. హైదరాబాద్‌లోని గ్లాండ్ ఫార్మాతో సహా మన దేశపు కంపెనీలూ ఇదే మందును తయారుచేస్తున్నాయి. ఇక్కడ చూస్తున్నది 0.4 మి.లీ.లో 40 మి.గ్రా., అంటే 4000 యూనిట్లు ఉండే, ముందే నింపిన సిరంజి.

తల్లి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా చూడటం దీని పని. గర్భంలో ఆ పనికి దీన్నీ, దీని జాతికే చెందిన డాల్టెపారిన్ లాంటి వాటినీ మించిన మందు లేదు. కాలి సిరలోనో ఊపిరితిత్తుల్లోనో ఇదివరకు గడ్డ వచ్చినవారికి, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఒంటి రక్షణ వ్యవస్థే రక్తం గడ్డకట్టేలా చేసే జబ్బు) ఉన్నవారికి ఇది మానకుండా వాడాల్సిన మందు. అయితే స్కాన్‌లో బిడ్డ బరువు తక్కువ వస్తే "రక్తప్రసరణ పెరగడానికి" అంటూ కూడా దీన్ని రాస్తున్నారు, రాయించుకుంటున్నారు. ఆ పనికి మాత్రం దీనికి మార్కులు వేయలేం.

ముందు అందరికీ ఉండే భయం సంగతి. ఎనాక్సపారిన్ అణువు పెద్దది, మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్లదు. కాబట్టి బిడ్డకు అవయవ లోపాలు రావడం, బిడ్డ రక్తం పలచబడటం దీనితో ఉండవు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అసిట్రామ్ మాత్రలు అలా కావు, అవి మాయ దాటుతాయి. 6 నుంచి 12 వారాల మధ్య వాడితే బిడ్డ ముక్కు, ఎముకల నిర్మాణం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ తర్వాతి నెలల్లో బిడ్డ మెదడులో రక్తస్రావం జరగొచ్చు. రివరోక్సబాన్, అపిక్సబాన్, డాబిగాట్రాన్ కూడా మాయ దాటేవే, గర్భంలో వాడరు. ఈ మాత్రల మీద ఉన్నవారికి నెల తప్పితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. సొంతంగా మాత్ర ఆపి కూర్చోవడం అంతకన్నా ప్రమాదం.

గుండెలో మెటల్ వాల్వ్ ఉన్నవారి లెక్క పూర్తిగా వేరు. రుమాటిక్ జబ్బు వల్ల వాల్వ్ మార్పించుకున్న ఆడవాళ్లు మన రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. మెటల్ వాల్వ్ ఉన్న 8 మంది గర్భిణులకు రోజుకు రెండుసార్లు కిలోకు 1 మి.గ్రా. చొప్పున ఎనాక్సపారిన్ ఇచ్చిన అధ్యయనంలో ఇద్దరికి వాల్వ్ మీద గడ్డ కట్టి, తల్లీ బిడ్డా దక్కలేదని మందు సమాచార పత్రంలోనే ఉంది. అందుకే వీళ్లకు ఇంజెక్షన్ వేసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీసి, మందు ఎంత పనిచేస్తోందో చూపే యాంటీ టెన్-ఏ పరీక్ష చేస్తూ మోతాదు సరిచేయాలి. వార్ఫరిన్ వాడేవారికి చేసే ఐఎన్ఆర్ పరీక్షతో ఈ మందు పనితనం తెలియదు. యాంటీ టెన్-ఏ పరీక్ష అందుబాటులో లేని చోట మెటల్ వాల్వ్ గర్భిణిని ఈ ఇంజెక్షన్ మీద నడపడం కత్తి మీద సామే. 40 సిరంజి రోజుకొకటి వీళ్లకు చాలనే చాలదు.

ఇక బిడ్డ ఎదుగుదల. మందు వాడేవాళ్లు రెండు వైపుల నుంచి అడుగుతారు: ఈ ఇంజెక్షన్ వల్లే బిడ్డ చిన్నగా ఉందా? ఇంకాస్త మోతాదు పెంచితే పెరుగుతుందా? రెండింటికీ జవాబు కాదనే.

బిడ్డ చిన్నగా ఉండటానికి సాధారణంగా కారణం మాయ సరిగా నాటుకోకపోవడం, బీపీ, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, తల్లికి రక్తహీనత, ఇన్ఫెక్షన్, జన్యు లోపం. ఇంజెక్షన్ రాయడానికి కారణమైన జబ్బే చాలాసార్లు ఎదుగుదలనూ తగ్గిస్తుంది. నింద మాత్రం సిరంజి మీద పడుతుంది. రెండో ప్రశ్నకు పరీక్షలు జరిగాయి. 2014లో వచ్చిన టిప్స్ అధ్యయనంలో గడ్డకట్టే తత్వం ఉన్న గర్భిణులకు డాల్టెపారిన్ ఇస్తే గర్భనష్టం, బీపీ జబ్బు, బిడ్డ చిన్నగా పుట్టడం తగ్గలేదు. 2017 నాటి ఎప్పి అధ్యయనంలో, ముందు కాన్పులో తీవ్రమైన బీపీ జబ్బో చిన్న బిడ్డో ఉన్నవారికి ఎనాక్సపారిన్ కలిపినా అదే ఫలితం. వంశపారంపర్య గడ్డకట్టే తత్వం ఉండి పదే పదే గర్భస్రావమైన వారిలోనూ ఇది బతికి పుట్టే బిడ్డల సంఖ్య పెంచదని 2023లో అలైఫ్-2 చూపించింది. మాయలో రక్తనాళాలు మొదటి నెలల్లోనే ఏర్పడిపోతాయి. అవి ఇరుకుగా ఏర్పడ్డాక 30వ వారంలో రక్తం పలచబరిచినా వాటి వెడల్పు పెరగదు.

మినహాయింపు ఒకటే. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ పక్కాగా తేలి, గర్భస్రావాలో గర్భంలో మరణమో జరిగి ఉంటే, ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ (ఎనాక్సపారిన్ ఈ జాతి మందే) ప్రామాణిక చికిత్స. తేలడం అంటే 12 వారాల ఎడంతో రెండుసార్లు రక్తపరీక్ష పాజిటివ్ రావడం. ఒక్క రిపోర్టు చాలదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యు పరీక్షలో "మార్పు ఉంది" అని వచ్చినందుకు ఈ ఇంజెక్షన్లు రాస్తే రెండో అభిప్రాయం తీసుకోవాల్సిందే. ఆ పరీక్ష చేయించొద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమే చెబుతోంది.

డబ్బు పెట్టాల్సింది సరైన గ్రోత్ స్కాన్ల మీద. రిపోర్టులో "బరువు 1.6 కిలోలు" అన్న ఒక్క అంకె చూసి బెంబేలెత్తితే లాభం లేదు. ఆ అంచనాలోనే పది, పదిహేను శాతం తేడా ఉండొచ్చు. ముందు వారాల లెక్క సరిచూడాలి: 11 నుంచి 13 వారాల మధ్య తీసిన తొలి స్కాన్ ప్రకారం తేదీ కట్టారా, లేక నెలసరి తేదీనే పట్టుకున్నారా? లెక్కలో రెండు వారాలు తప్పితే మామూలు బిడ్డ కూడా చిన్నగానే కనబడుతుంది. తర్వాత పర్సెంటైల్, అంటే అదే వారాల వంద మంది బిడ్డల్లో మన బిడ్డ బరువు కింది నుంచి ఎన్నో స్థానంలో ఉందో. 10 కన్నా కింద ఉంటే నిఘా, 3 కన్నా కింద ఉంటే తీవ్రం. పొట్ట చుట్టుకొలత వెనకబడిందా, ఉమ్మనీరు ఎంత, బొడ్డుతాడు డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) ఎలా ఉంది అన్నవీ కలిపి చదవాలి. తల్లిదండ్రులిద్దరూ సన్నగా పొట్టిగా ఉండి, డాప్లర్ బాగుండి, బిడ్డ తన గీత మీదే పెరుగుతుంటే అది జబ్బు కాదు. ఎదుగుదల కొలతలకు రెండు స్కాన్ల మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. నాలుగు రోజులకే మళ్లీ తీయిస్తే తేలేది మిషన్ తేడానే. డాప్లర్ అయితే అవసరాన్ని బట్టి వెంటవెంటనే చూస్తారు. అందులో రక్తప్రవాహం ఆగి ఆగి వస్తుంటే చేయాల్సింది ఆసుపత్రి నిఘా, అవసరమైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్, సరైన సమయానికి కాన్పు.

ముందు కాన్పులో బీపీ జబ్బు వచ్చినవారికి నిజంగా ఉపయోగపడే మందు ఇంజెక్షన్ కన్నా చవకైన మాత్ర: తక్కువ మోతాదు ఆస్పిరిన్. 16 వారాలలోపు మొదలుపెట్టాలి. 2017లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రాత్రిపూట 150 మి.గ్రా. ఇచ్చారు. నెలలు నిండకముందే వచ్చే బీపీ జబ్బు బాగా తగ్గింది. మన షాపుల్లో ఎకోస్ప్రిన్ పేరుతో 75, 150 దొరుకుతాయి. పైపూత ఉన్న మాత్ర కనుక నమలకూడదు. ఇక్కడొక ప్రమాదం: ఎకోస్ప్రిన్ ఏవీ అనేది వేరే మందు, అందులో కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ కలిసి ఉంటుంది. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో రక్తం గడ్డకట్టకుండా చేసే మరో మందు క్లోపిడోగ్రెల్ కూడా చేరుతుంది. స్ట్రిప్ మీద పేరు పూర్తిగా చదవకుండా బిల్లు కట్టొద్దు.

సిరంజి విషయానికొద్దాం. క్లెక్సేన్ సూది 27 గేజి, అర అంగుళం; సన్నదే. లోపలి ద్రవం నీళ్లలా తేటగానో, లేత పసుపుగానో ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలుసులు తేలుతున్నా పక్కన పెట్టాలి. లోపల చిన్న గాలి బుడగ కనిపిస్తుంది. చాలామంది మొదటి పొరపాటు సిరంజి నిలబెట్టి ఆ బుడగను బయటికి నెట్టడం. బుడగతో పాటు మందు కూడా కారిపోతుంది, కారిన చుక్క సూది మీద నిలిచి కమిలేలా చేస్తుంది. బుడగ అలాగే ఉండాలి.

చేతులు కడుక్కొని, వెనక్కి వాలి కూర్చోవాలి. బొడ్డు చుట్టూ 5 సెం.మీ. వదిలి, కుడి ఎడమలు రోజు మార్చి రోజు. స్పిరిట్ తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితేనే ఆ మంట. చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో మడతగా పట్టుకొని సూదిని నిటారుగా మొత్తం దించాలి. మందు నిదానంగా, అర నిమిషం పట్టేలా నెట్టాలి. మడత అప్పటిదాకా వదలకూడదు. సూది తీశాక దూదితో మెల్లగా ఒత్తి పట్టాలి, రుద్దకూడదు. నల్లగా కమలడానికి చాలాసార్లు కారణం రుద్దడం, తొందరగా నెట్టడం. ఏడో నెల దాటాక పొట్ట బిగిసి మడత దొరక్కపోతే నడుము పక్కలకు జరగొచ్చు, తొడ బయటి వైపు కూడా వేసుకోవచ్చు. సూది బిడ్డకు తగులుతుందన్న భయం అక్కర్లేదు, అది చర్మం కింది కొవ్వు దాటదు. కమిలిన మచ్చ మామూలే. గుచ్చిన చోట దద్దులాగా గట్టిపడి దురద పెడుతూ పెరిగితే మందు పడట్లేదని అర్థం, ఇదే జాతిలో మరో మందుకు మార్చాలి.

40 సిరంజి మీద గీతలుండవు. 20 మి.గ్రా. రాస్తే 40 కొని "సగం" వేయడం కుదరదు, 20 సిరంజే కొనాలి. గీతలు 60, 80, 100 సిరంజిల మీదే ఉంటాయి. వాటిలో మిగులు మందు తీసేయాల్సి వస్తే సూది కిందికి చూసేలా పట్టుకుంటే బుడగ లోపలే నిలుస్తుంది. ముందుజాగ్రత్త మోతాదు బరువును బట్టి ఉంటుంది: సాధారణంగా 50 నుంచి 90 కిలోలకు రోజుకు 40, 50 లోపు 20, 91 నుంచి 130 దాకా 60. ఇప్పటికే ఉన్న గడ్డ పెరగకుండా ఇచ్చే చికిత్సకు లెక్క కిలో చొప్పున, చాలా ఎక్కువ. ఒక డోసు మరిచిపోతే అదే రోజు గుర్తురాగానే వేయొచ్చు. మర్నాడు మాత్రం రెండు వేయకూడదు.

చవకని పెద్ద వయల్ తీసుకునే వాళ్లున్నారు. అనేకసార్లు వాడే వయల్‌లో పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివ్‌గా బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, అది మాయ దాటుతుంది. గర్భిణికి ప్రిజర్వేటివ్ లేని సిరంజే సరైనది.

నిల్వ 25 డిగ్రీల లోపు అని డబ్బా మీద రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇంట్లో 25 ఎక్కడుంటుంది? నెలకు సరిపడా ఒకేసారి కొనకుండా పది రోజులకు సరిపడా తెచ్చుకోవడం, కారు డ్యాష్‌బోర్డులోనో వంటగదిలోనో పెట్టకపోవడం, గడ్డకట్టే ఫ్రీజర్ జోలికి అసలే పోకపోవడం మేలు. మందు పంది పేగు లోపలి పొర నుంచి తీస్తారు. ఇది ముందే తెలుసుకోవాలనుకునే కుటుంబాలు హిందువుల్లోనూ ముస్లింలలోనూ ఉన్నాయి, డాక్టర్లు ఒక మాట చెబితే బాగుంటుంది. కృత్రిమంగా చేసే ఫోండపారినక్స్ ఉంది గానీ అది కొద్దిగా మాయ దాటుతుంది, గర్భంలో అనుభవం తక్కువ.

కాన్పు దగ్గర పడ్డాక గడియారమే ముఖ్యం. 40 లాంటి తక్కువ మోతాదుకు చివరి డోసు పడి 12 గంటలు, చికిత్స మోతాదుకు 24 గంటలు గడిస్తేనే వెన్నులో మత్తు ఇస్తారు. నొప్పులు మొదలైతే, రక్తం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. చివరి సిరంజి ఏ రోజు ఎన్ని గంటలకు వేశారో కాగితం మీద రాసి ఫైలు పైనే పెట్టాలి. మత్తు డాక్టరు మొదట అడిగేది అదే. వెన్నులో మత్తుకు పెట్టిన ఎపిడ్యూరల్ గొట్టం తీశాక కనీసం 4 గంటలు ఆగి మళ్లీ మొదలుపెడతారు. పాలిచ్చే తల్లికి ఇది ఇబ్బంది లేని మందు. ఈ మందు మీద ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. కండకు వేసే ఏ ఇంజెక్షన్‌కైనా ముందు నర్సుకు చెప్పాలి.

ఖర్చు తక్కువేమీ కాదు. 8వ వారం నుంచి 40వ వారం దాకా రోజుకొకటి అంటే 224, కాన్పు తర్వాత 6 వారాలకు 42, మొత్తం 266 సిరంజిలు. ఎనాక్సపారిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది కనుక 40కి ప్రభుత్వ గరిష్ఠ ధర వర్తిస్తుంది. బ్రాండ్ల మధ్య తేడా అడిగి చూసుకోవాలి. జన ఔషధి జాబితాలోనూ ఉంది, స్టాక్ ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. కొన్ని చవక సిరంజిలకు వాడాక సూదిని కప్పేసే తొడుగు ఉండదు. ఇంట్లో పిల్లలుంటే తొడుగున్నదే తీసుకోవాలి. వాడిన సిరంజిలు చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తేవాళ్లకు గుచ్చుకుంటాయి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, నెలవారీ చెకప్‌కు వెళ్లినప్పుడు ఆసుపత్రి సూదుల డబ్బాలో వేయమని ఇచ్చేయొచ్చు.