నాణేల వెరైటీలు చూడ్డానికి పది రెట్ల లూప్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నాణేల మీది చిన్నచిన్న తేడాలు, అంటే వెరైటీలు, చూడ్డానికి మైక్రోస్కోప్ కొనాలా, లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) సరిపోతుందా అని నాణేలు సేకరించేవాళ్లు తరచూ అడుగుతుంటారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. రోజూ చేతిలోకి వచ్చేది మాత్రం పది రెట్ల ట్రిప్లెట్ లూపే, యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఫొటో తీయాల్సి వచ్చినప్పుడు తప్ప డ్రాయర్ దాటి రాదు.

ట్రిప్లెట్ అంటే మూడు అద్దాలు అతికించి చేసిన లెన్స్. ఒంటి అద్దం లూప్‌లో అంచుల దగ్గర గీతలు వంకరపోయి రంగులు చెదురుతాయి, అప్పుడు అక్షరం నిజంగానే రెండుగా ఉందా, లేక లెన్స్ మాయా అన్న అనుమానం తీరదు. ముప్పై రెట్లు, నలభై రెట్లు అని రాసి అమ్మే బుల్లి లూప్‌ల జోలికి పోకండి. రాసినంత పెద్దగా చూపించేవి తక్కువ, చూపించినా ఏ అక్షరం మీద ఉన్నామో తెలీనంత ఇరుకు. పది రెట్లకి నాణెం లెన్స్‌కి సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, లూప్‌ని కంటికి దాదాపు ఆనించి నాణేన్నే పైకి తెచ్చుకోవాలి. ఆ కాస్త సందులో లైటు పడేలా చూసుకోవడమే మొదట్లో తలనొప్పి.

లూప్ డబ్బు గిట్టుబాటు చేసేది డబ్లింగ్ దగ్గర, అంటే అక్షరాలు జంటగా కనిపించే చోట. డై, అంటే నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చు, తయారుచేసేటప్పుడు దానిమీదకి బొమ్మ దించే హబ్‌తో ఒకటికి రెండుసార్లు ఒత్తితే, రెండోసారి కాస్త పక్కకి జరిగితే, ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అక్షరాలు జంటగా వస్తాయి. అది డబుల్డ్ డై, విలువైనది. నాణెం కొట్టాక వదులుగా ఉన్న డై అదిరి అక్షరం పక్కని నొక్కేస్తే వచ్చేది మెషీన్ డబ్లింగ్, దానికి పైసా ఎక్కువ రాదు. లూప్ కింద తేడా ఇట్టే తెలుస్తుంది: మొదటిదానిలో రెండో అక్షరం కూడా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, మూలల్లో చీలిక కనిపిస్తుంది. రెండోదానిలో పక్కన చదునుగా, మెట్టులా నొక్కుకుపోయి ఉంటుంది, అసలు అక్షరమే సన్నబడుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే మాత్రం ప్రతి గీతా వెరైటీలాగే కనిపించి ఆశ పుట్టిస్తుంది, అదే దాంతో గొడవ.

అమెరికా ఒక సెంటు నాణెం 1955 లింకన్ సెంట్ డబుల్డ్ డైకి అసలు భూతద్దమే అక్కర్లేదు, తేదీ రెండుగా ఉండటం మామూలు కంటికే తెలిసిపోతుంది. కానీ దానికి నకిలీలు ఎక్కువ, లూప్ అవసరం అక్కడ. అసలుదానికి వెనకవైపు సెంట్ అన్న మాటలోని టీ అక్షరం ఎడమ భాగం కింద రెండు సన్నటి సమాంతర గీతలుంటాయి, డైని పాలిష్ చేసినప్పుడు పడ్డవి. అలాగే 1937లో డెన్వర్ టంకశాల కొట్టిన మూడు కాళ్ల బఫెలో నికెల్ (బఫెలో కాలొకటి లేని ఐదు సెంట్ల నాణెం): అసలుదానిలో బఫెలో పొట్ట కింద నేలదాకా ఉబ్బెత్తు చుక్కల వరస కనిపిస్తుంది, మామూలు నాణెం మీద కాలు గీకేసి తయారుచేసిన దొంగసరుకులో అది ఉండదు.

గ్రేడింగ్‌కి, అంటే నాణెం స్థితిని అంచనా వేయడానికి, మాత్రం లూప్‌ని ముందే తీయకండి. పది రెట్లలో చిన్న దెబ్బ కూడా గుంటలా కనిపిస్తుంది, మంచి నాణేన్ని కూడా అన్యాయంగా దించేస్తాం. ఒక్క బల్బు కింద నాణేన్ని వంచుతూ తిప్పండి, టంకశాల మెరుపు చక్రంలా తిరగాలి. నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా మార్కులిచ్చే షెల్డన్ స్కేల్లో 58కీ (కాస్త వాడింది) 60కీ (వాడనిది) మధ్య ఉన్న గీత ఇక్కడే పట్టుబడుతుంది: చెంప, జుట్టు లాంటి ఎత్తు భాగాల మీద ఆ మెరుపు తెగి మసకబారితే అది వాడిన నాణెం, అమ్మేవాడు ఏమన్నా సరే. లూప్ తర్వాత తీసి, ఎవరో రుద్ది శుభ్రం చేసిన సన్నటి గీతలేమైనా ఉన్నాయేమో చూసుకుంటే చాలు. మైక్రోస్కోప్ చుట్టూ ఉండే ఎల్‌ఈడీలు అన్ని వైపుల నుంచీ వెలుగు పోసి మెరుపుని చంపేస్తాయి, కాబట్టి గ్రేడ్ విషయంలో దాన్ని నమ్మను.

లూప్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్కువసేపు చూస్తే మెడ పట్టేస్తుంది, ఇంకొకరికి చూపించాలంటే ఫొటో రాదు, మడత దగ్గర స్క్రూ అప్పుడప్పుడు వదులవుతుంది, అది మాత్రం చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించుకుంటే సరి.