నెల్లూరు ఆటోనగర్‌లో మానిఫోల్డ్ ఫ్లాంజ్ కోయించాను: పని ఎలా ఉందంటే

మారుతి జిప్సీ జీపుకి ఇంటేక్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే పైపుల అమరిక, సొంతంగా చేసుకునేవాళ్లకు పైపులు, వాటికి గాలి పంచే ప్లీనం డబ్బా పెద్ద పని కాదు. అవి ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా అవుతాయి. ఆ పైపులను ఇంజన్ హెడ్డుకు బిగించే కన్నాల ప్లేటు, అదే ఫ్లాంజ్, దగ్గరే అందరం ఆగిపోతాం. ఒక్క ముక్క కోసం మెషిన్ ఎక్కించేవాళ్లు తక్కువ. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక లేజర్ కటింగ్ షాపు మాత్రం ఎక్కిస్తుంది. వాళ్ల అసలు వ్యాపారం గేట్లు, మెట్ల గ్రిల్స్, పూజగది తలుపుల డిజైన్లు. ఫ్లాంజ్‌లు ఓనరు సరదా కొద్దీ చేసే పని. "పేరు మాత్రం పెట్టబాక అబ్బయ్యా, మళ్లా అందరూ సైలెన్సర్లు చెయ్యమని వస్తారు" అన్నారు, అందుకే పేరు రాయడం లేదు. వెల్డింగ్ షాపుల వరసలో ఎవరిని అడిగినా చూపిస్తారు.

నాది 1298 సీసీ, పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్టర్లతో కొట్టే) ఇంజన్. కటింగ్ మెషిన్‌కు ఇచ్చే డ్రాయింగ్, డీఎక్స్‌ఎఫ్ ఫైల్, గీసి తీసుకెళ్లాను గానీ, కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి దాన్ని పక్కన పెట్టి, హెడ్డుకీ ఫ్లాంజ్‌కీ మధ్య వేసే గాస్కెట్ అడిగింది. అదీ వాడేసింది వద్దంది, బిగించి తీసిన గాస్కెట్ నలిగి కొలతలు మారతాయట. కొత్త గాస్కెట్‌ను స్టీల్ స్కేలు పక్కన పెట్టి స్కాన్ చేసి, స్క్రీన్ మీద స్కేలు గీతలతో సరిచూసి, అప్పుడు పోర్టులు (గాలి వెళ్లే కన్నాలు) గీసింది. తర్వాత అడిగిన ప్రశ్నకే నాకు ఆ షాపు మీద గురి కుదిరింది: "అన్నా, హెడ్డులో పోర్టు కొలత ఎంత? గాస్కెట్ కన్నం కొంచెం పెద్దగానే ఉంటది గదా." నిజమే. గాస్కెట్ కన్నం ప్రకారం ఫ్లాంజ్ కోస్తే లోపలికొచ్చే గాలి హెడ్డు అంచుకు కొట్టుకుంటుంది. ఆ అంచు కనపడదు, ఇంజన్‌కు మాత్రం తెలుస్తుంది.

అసలు ప్లేటు ముట్టుకోకముందే 2 ఎంఎం రేకులో నమూనా కోసిచ్చారు, 150 రూపాయలు. ఇంటికి తీసుకెళ్లి స్టడ్ల మీద తొడిగి చూస్తే చివరి రంధ్రం బిగుతుగా ఉంది. ఆ ఒక్కదాన్ని 8.5 నుంచి 9 ఎంఎంకి మార్చారు. నన్నడిగితే మొత్తం బిల్లులో బాగా కలిసొచ్చింది ఈ 150 రూపాయలే. రేకు వద్దు, డబ్బు దండగ అనుకునేవాళ్లు 12 ఎంఎం ప్లేటు పారేసినప్పుడు లెక్క వేసుకోవచ్చు.

ప్లేటు ఎమ్మెస్ (మామూలు ఇనుము)లోనూ ఇస్తారు, అల్యూమినియంలోనూ ఇస్తారు. నేను 12 ఎంఎం అల్యూమినియం, 6061 గ్రేడు తీసుకున్నాను. గట్టిగా ఉంటుందని ఎవరైనా 7075 అంటగడితే వద్దనండి, దాన్ని వెల్డ్ చేస్తే పగుళ్లు వస్తాయి. హెడ్డు అల్యూమినియం కాబట్టి వేడికి రెండూ ఒకేలా సాగుతాయి. ఇనుము దాదాపు సగమే సాగుతుంది. ముప్పై సెంటీమీటర్ల ఫ్లాంజ్ 70 డిగ్రీలు వేడెక్కితే తేడా పావు ఎంఎంకి కాస్త తక్కువ. ఎమ్మెస్ తీసుకునేవాళ్లు చివరి రంధ్రాలు కోలగా కోయమని చెప్పండి.

హెడ్డు ఫ్లాంజ్, గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీ బిగించే ఫ్లాంజ్, రెండింటికీ ప్లేటు, కటింగ్ కలిపి 2,800 అయింది. స్టడ్ రంధ్రాలు లేజర్‌తో చిన్నగా కోసి, తర్వాత డ్రిల్‌తో సైజుకు తెచ్చారు. మందం ప్లేటులో లేజర్ కన్నం పైన ఒకలా కింద ఒకలా వస్తుంది కాబట్టి ఇదే మంచి పద్ధతి. అంచులు మాత్రం బాగాలేవు. కింది వైపు కరిగి గడ్డకట్టిన బర్ అలాగే వదిలేశారు, ఆకురాయి పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నాను. పోర్టు లోపలి గీతలు కూడా నేనే రుద్దుకున్నాను. చెప్పిన రోజుకు ఇవ్వలేదు కూడా, ఎవరిదో గృహప్రవేశం గేటు మధ్యలో దూరింది. ఈ రెండింటికీ కలిపి ఒక మార్కు కోస్తాను. ఐదుకు నాలుగు.

వెల్డింగ్ మేమే చేస్తామంటారు. అక్కడ చేయించొద్దు. వాళ్ల చెయ్యి గేట్లకు అలవాటైన చెయ్యి. నేను ఫ్లాంజ్‌ను ఒక అంగుళం ఇనుప దిమ్మకు బిగించి, టిగ్ వెల్డింగ్ చేసే మనిషితో ఒక్కో పైపు కొంచెం కొంచెంగా, పక్కపక్కవి వరసగా కాకుండా వెల్డ్ చేయించాను. పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాం. ఇలా కట్టిపడేయకపోతే ప్లేటు అంచులు అప్పడంలా లేస్తాయి. అయినా కొంచెం వంపు వచ్చింది. హెడ్లు ఫేసింగ్ చేసే లేత్ దగ్గర సన్నగా ఒక పొర తీయిస్తే, ఉక్కు స్కేలు కింద 0.05 ఎంఎం ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) ఎక్కడా దూరలేదు. 12 ఎంఎం తీసుకోమనేది అందుకే, పొర తీసినా మందం మిగులుతుంది. ఆ వంపు వదిలేస్తే జాయింటులో గాలి లాగి ఐడిలింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా జాయింటు చుట్టూ కార్బ్ క్లీనర్ కొడితే ఎక్కడ లాగుతోందో ఆర్‌పీఎం చెప్పేస్తుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన మాత్రం కొట్టకండి.

నా బండి పొలంలో, ఆఫ్‌రోడ్‌లో తిరిగేది. రోడ్డు మీద తిప్పే బండికి మార్పులు చేయడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ముందు అది చూసుకోండి.

కావలి, ఒంగోలు వాళ్లు రానక్కర్లేదు. నమూనా రేకు సరిపోయిందని ఫోటో పెడితే అసలు ముక్క ఆర్టీసీ కార్గోలో పంపిస్తారు. ఎగ్జాస్ట్‌కు అల్యూమినియం ఫ్లాంజ్ అడిగితే ఎంత డబ్బిచ్చినా కోయరు, దానికి 10 ఎంఎం ఎమ్మెస్ చెప్పండి.