పాత నవల మళ్లీ వేయాలంటే: ఉన్నదున్నట్టా, దిద్దా, తిరగరాసా? ఏది మేలు?

సొంత డబ్బుతో నవల అచ్చు వేసుకున్నవాళ్లకు పది పదిహేనేళ్ల తర్వాత అందే మంచి కబురు ఒకటుంది. కాపీలు అయిపోయాయి, పాఠకులు ఇంకా అడుగుతున్నారు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఆ వెనకే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈలోగా పుస్తకం చేతికొస్తే రెండు చోట్లా స్టాల్లో పెట్టొచ్చు. సరే అని పాత నవల తీసి నాలుగు పేజీలు చదవగానే చెయ్యి పెన్ను కోసం వెతుకుతుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

దారులు నాలుగు. ఉన్నదున్నట్టు మళ్లీ వేయడం, తప్పులు దిద్ది వేయడం, మొత్తం తిరగరాయడం, దాని జోలికి పోకుండా కొత్త నవల రాసుకోవడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ నవలలకు రెండో దారే మేలు. తిరగరాయడానికి సరిపోయే కారణం ఒక్కటే ఉంది, వాక్యాలు నచ్చకపోవడం మాత్రం ఆ కారణం కాదు.

ప్రచురణ సంస్థ అండ ఉన్న రచయితకు ఈ ప్రశ్న ఇంత బరువుగా ఉండదు. మళ్లీ కంపోజింగ్ ఖర్చు పెట్టలేమనో, ప్రెస్సుకి ఇచ్చే రోజు దాటిపోయిందనో ఎవరో ఒకరు అడ్డం చెబుతారు. మన సంగతి వేరు. రచయితా మనమే, ప్రచురణకర్తా మనమే, చాలాసార్లు ప్రూఫులు చూసేదీ మనమే. ఇక చాలు అనేవాళ్లు లేరు. ఒకే నవలను దిద్దుకుంటూ ఏళ్లకేళ్లు గడిపేసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. రాయగలిగినవాళ్లు అలా ఆగిపోతే చూస్తూ ఉండటం నాకు చాలా బాధ.

ఉన్నదున్నట్టు వేయడం అన్నిటికన్నా తేలిక, చవక అనిపిస్తుంది. అచ్చుకి ఇచ్చిన పీడీఎఫ్ భద్రంగా ఉంటే అది నిజమే. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు పాతదే సరిపోతుంది. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురణకర్త కొత్త పుస్తకం కాపీలను కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి. సొంతంగా వేసుకున్నామంటే ఆ ప్రచురణకర్త మనమే. మొదటి ముద్రణ అప్పుడే పంపేసి ఉంటే, అక్షరం మారని రెండో ముద్రణకు మళ్లీ పంపే పని లేదు.

పీడీఎఫ్ లేకపోతే కథ మారుతుంది. అప్పట్లో మన నవలల్లో చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైలు ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు చదివే యూనికోడ్ అక్షరాల్లో ఉండదు. ఇప్పుడు యూనికోడ్‌లోకి మారిస్తే ఎక్కడో ఒక ఒత్తు జారుతుంది, ఎక్కడో దీర్ఘం ఎగిరిపోతుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రూఫు చదవక తప్పదు. అంత పనీ చేస్తూ, కళ్ల ముందు కనబడే తప్పుని పాతదే కదా అని వదిలేయడం ఎవరికైనా కష్టం. అందుకే ఉన్నదున్నట్టు వేద్దామని బయల్దేరినవాళ్లు కూడా రెండో దారిలోకే వచ్చి పడతారు. అదే మంచిది కూడా.

దిద్దడం అంటే ఎంతవరకు? నేను పెట్టుకున్న హద్దు ఇది: పుస్తకం తన మాట తనే తప్పిన చోట దిద్దాలి. మూడో అధ్యాయంలో మేనత్తగా వచ్చినావిడ పదకొండో అధ్యాయంలో పిన్ని అయితే మార్చాలి. సంక్రాంతి వెళ్లిన వారానికే ఉగాది వస్తే మార్చాలి. అచ్చుతప్పులు, ఒకే మనిషి పేరు రెండు రకాలుగా పడటం, సంభాషణలో ఎవరి మాట ఎవరిదో తెలియకపోవడం, ఇవన్నీ మార్చాల్సినవే. కథ జరిగే కాలానికి ఇంకా రాని వస్తువు కథలో కనబడితే తీసేయాలి. ఇవి పాఠకుడి కాలికి తగిలే రాళ్లు. తీసేస్తే ఎవరికీ నష్టం లేదు.

వర్ణన ఎక్కువైందనో, ఉపన్యాసంలా ఉందనో, ఇప్పుడైతే ఇలా రాయననో మార్చాలనిపించేవి వేరే జాతి. అక్కడ పెన్ను ఆపాలి. ఎందుకో ఒక వాక్యం పట్టుకుని చూద్దాం.

నా మొదటి నవల ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊళ్లో జరుగుతుంది. కాలేజీ నుంచి సెలవులకు ఇంటికొచ్చిన కుర్రాడు కథ చెబుతాడు. పొగాకు బ్యారన్ దగ్గర, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర, తండ్రి రాత్రంతా కాపలా కూర్చునే ఘట్టంలో ఈ వాక్యం ఉంది: "ఆ రాత్రి బ్యారన్ గొట్టంలోంచి లేచిన పొగ, నాన్న గుండెల్లో యుగాలుగా రగులుతున్న అప్పుల చితిలా ఆకాశాన్ని కమ్మేసింది."

ఇప్పుడు అదే ఘట్టం నా చేతికొస్తే ఇలా రాస్తాను: "నాన్న థర్మామీటరు చూసి ఇంకో దుంగ వేశాడు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే రంగు రాదు. తెల్లారేదాకా కునుకు తీయలేదు."

రెండోది మెరుగైన వచనం. అందులో పని కనబడుతుంది, మనిషి కనబడతాడు, అప్పు మాట ఎత్తకుండానే దాని బరువు తెలుస్తుంది. అయినా నవలలో మొదటిదే ఉండాలి. కథ చెప్పేవాడు పందొమ్మిదేళ్ల కుర్రాడు. వాడు తండ్రి అప్పుని అలాగే చూస్తాడు, చితులూ యుగాలూ వాడి మాటలే. రెండో వాక్యం యాభై దాటిన మనిషిది. అది తెచ్చి అక్కడ అతికిస్తే పక్క వాక్యాలన్నీ వెలవెలబోతాయి. అప్పుడు వాటినీ మార్చాలి, ఆ తర్వాత పేజీ మొత్తాన్నీ మార్చాలి. చివరికి కుర్రాడి గొంతు ఎక్కడా మిగలదు. పాఠకులు ఇన్నేళ్లుగా ఆ పుస్తకం అడుగుతున్నది ఆ గొంతు కోసమే.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ రోజుల్లో నాకున్న ఊపు ఇప్పుడు తెచ్చుకుందామన్నా రాదు. నేర్పు పెరిగింది. నేర్పుతో ఊపుని కొలిస్తే ఎప్పుడూ ఊపే తప్పుగా కనబడుతుంది.

అలాగైతే తిరగరాయడం ఎప్పుడూ నష్టమేనా అంటే, కాదు. మనకు చేతికందే దూరంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాసి వేశారు. ఈరోజు మనం చదివేది, ఆడేది, సామెతల్లా వాడుకునేది ఆ రెండో కూర్పునే. మొదటిది చాలాకాలం మరుగున పడిపోతే సాహిత్య పరిశోధకుడు బంగోరె పూనుకుని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే గురజాడ చేసింది వాక్యాలకు నగిషీ పెట్టడం కాదని తెలుస్తుంది. ఆయన మనుషుల్ని మళ్లీ చూశారు. వాళ్లకు కొత్త తెలివి, కొత్త మాట, కొత్త బతుకు ఇచ్చారు. మధురవాణికి ఆ నిండుదనం వచ్చింది తిరగరాయడం వల్లే.

నేను పైన చెప్పిన ఒకే ఒక్క కారణం ఇదే. అప్పుడు రాసిన మనుషుల గురించి అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిసిందా? తెలిస్తే తిరగరాయొచ్చు. శైలి విషయంలో అభిరుచి మారిందంతే అంటారా, వద్దు.

బయటి సాహిత్యంలో అన్ని రకాల అనుభవాలూ ఉన్నాయి. అమెరికాలో వాల్ట్ విట్మన్ 1855లో తన ఖర్చుతోనే లీవ్స్ ఆఫ్ గ్రాస్ వేసుకున్నాడు. అప్పుడు అందులో ఉన్నవి పన్నెండు కవితలే. బతికినంతకాలం కలుపుతూ, మారుస్తూ, 1891-92లో చివరి కూర్పు తెచ్చేసరికి అవి కొన్ని వందలయ్యాయి. అయినా ఆ పల్చటి మొదటి పుస్తకమే గొప్పదనే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. స్టీఫెన్ కింగ్ 1982 నాటి ద గన్‌స్లింగర్‌ని 2003లో సవరించాడు. దాని తర్వాత వచ్చిన భాగాలతో మొదటి భాగం పొసగడం లేదన్నది అక్కడి కారణం. వరస నవలలు రాసేవాళ్లకు అది న్యాయమైన కారణమే. జాన్ ఫౌల్స్ 1965లో వచ్చిన ద మేగస్‌ని 1977లో మార్చి వేశాడు. అప్పటికే పేరున్న నవల అది, పెద్ద ప్రచురణకర్తలు వెనకున్న రచయిత. అంత చేసే తీరిక, దాన్ని మోసే వ్యవస్థ మనలాంటివాళ్లకు ఉండవు.

మనకు ఉండేది తెల్లవారుజామున ఉద్యోగానికి ముందు దొరికే కొంచెం సమయం, లేదా రాత్రి అందరూ పడుకున్నాక మిగిలేది. పాత నవల తిరగరాయడానికి ఖర్చయ్యేది ఆ సమయమే, కొత్త నవలకు కావాల్సిందీ అదే. ప్రెస్సు ఖర్చు లెక్క వేసుకునేవాళ్లు కూడా ఈ లెక్క వేసుకోరు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. మార్పులు ఎక్కువైతే అది సవరించిన కూర్పు అవుతుంది. కొత్త ఐఎస్‌బీఎన్ తీసుకోవాలి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ద్వారా అది ఉచితమే, కానీ దరఖాస్తు పని మళ్లీ ఉంటుంది. గ్రంథాలయాలకు కాపీలు మళ్లీ పంపాలి. పదహారు పేజీల ఫారం చొప్పున అచ్చవుతుంది కాబట్టి, ఇరవై పేజీలు పెరిగితే రెండు ఫారాల ఖర్చు మీద పడొచ్చు. పుస్తకం ధర 200 రూపాయలనుకుని, పంపిణీదారు 40 శాతం తీసుకున్నాడనుకుందాం. మనకు వచ్చేది 120. అందులోంచే అచ్చు, పోస్టు, కవరు బొమ్మ అన్నీ తేలాలి. అమ్మకం కొద్దిగా ఉన్న నవలకు ఇంత తిప్పలు పెట్టుకోవాలంటే కారణం గట్టిగా ఉండాలి.

ఈబుక్‌తో ఈ ఖర్చేమీ లేదు, ఫైలు మార్చి ఎక్కించేస్తే సరి. అందుకే అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. నిన్న కొన్న పాఠకుడి పుస్తకం, ఇవాళ కొన్నవాడి పుస్తకం వేరువేరైతే ఇద్దరూ ఒకే నవల గురించి మాట్లాడుకోలేరు. అచ్చుతప్పులు ఎన్నిసార్లైనా మార్చుకోండి. కథ మారితే మాత్రం మొదటి పేజీలోనే ఏ సంవత్సరం ఏం మారిందో రాయండి. చడీచప్పుడు లేకుండా ముగింపు మార్చేయడం పాఠకుడికి చేసే అన్యాయమనే నేను గట్టిగా నమ్ముతాను.

ఆర్.కె.నారాయణ్ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్ ప్రచురణకర్తలతో సంబంధం తెగిపోతే, ఆయన 1942లో మైసూరులో ఇండియన్ థాట్ పబ్లికేషన్స్ పెట్టుకుని తన పుస్తకాలు తనే వేసుకున్నారు. సొంత ప్రచురణకున్న అసలు బలం ఇది. మన పాత పుస్తకం దొరుకుతూ ఉండేలా మనమే చూసుకోవచ్చు. రచయితకు ఆ పాత పుస్తకం నచ్చినా నచ్చకపోయినా, అడిగినవాళ్లకు దొరకాలి.

నాలుగో దారి గురించి ఎక్కువ చెప్పను. పాత నవల పూర్తిగా వదిలేసి ముందుకెళ్లడం నాకు సమ్మతం కాదు. కాపీ లేకుండా పోయిన నవల తెలుగులో ఎంత త్వరగా కనుమరుగవుతుందో మనకు తెలుసు.

మళ్లీ నా పొగాకు నవల దగ్గరికొస్తాను. అందులో అమ్మ ఉంది. పగలంతా కూలీలతో కూర్చుని కర్రలకు ఆకు కడుతుంది, రాత్రి బ్యారన్ దగ్గరికి టీ పట్టుకెళ్తుంది. నాన్న మూడో అప్పు చేసి వచ్చిన రోజు నవలలో ఉన్నది ఒక్క ముక్కే: "అమ్మ ఏమీ అనలేదు." ఆమె ఎందుకు అనలేదో ఇప్పుడు నాకు తెలుసు. ఆమె పేరున ఉన్న పసుపు కుంకుమ పొలం కాగితాలు అప్పటికే ఎక్కడున్నాయో, వేలం కేంద్రంలో బేళ్లకు ధర పడిపోయిన రోజు ఆమె ఎవరి గుమ్మం తొక్కిందో తెలుసు. నేను పెట్టుకున్న కొలత ప్రకారం ఇది తిరగరాయడానికి సరిపోయే కారణమే.

అయినా ఆ నవలలోకి దాన్ని ఎక్కించను. ఆ కుర్రాడికి అమ్మ మౌనం అర్థం కాకపోవడం మీదే ఆ కథ నిలబడింది. వాడికి అంతా తెలిసిపోతే చివరి అధ్యాయానికి అర్థం ఉండదు. గురజాడకు పాత కట్టడంలోనే కొత్త మనుషులు ఇమిడారు. ఇక్కడ ఇమడరు. కాబట్టి అమ్మది వేరే నవల. అదే ఊరు, అదే సంవత్సరం, అదే బ్యారన్, కథ చెప్పేది మాత్రం ఆమె. మీ పాత నవల కూడా మిమ్మల్ని వదలకపోతే ముందు ఈ పరీక్ష పెట్టండి: కొత్తగా తెలిసిన సంగతి పాత కథలో పెడితే కథ నిలబడుతుందా, కూలుతుందా? నిలబడితే తిరగరాయండి, కూలితే కొత్త పుస్తకం మొదలుపెట్టండి.

ఇక అచ్చు సంగతి. పాత నవలకు ప్రూఫులు సాయంత్రాలు చూస్తున్నాను, ఉదయాలు అమ్మ నవలకే. రెండో ముద్రణ కొద్ది కాపీలే వేయిస్తాను, అవి అయ్యాక ఆర్డరు వచ్చినప్పుడల్లా అచ్చు వేసే పద్ధతిలో ఇస్తాను. హక్కుల పేజీలో మొదటి ముద్రణ సంవత్సరం, దాని కింద "రెండో ముద్రణ, అచ్చుతప్పులు సవరించినది" అని ఉంటుంది. కొత్త ముందుమాట రాయడం లేదు.