డెబియన్ ఎక్స్‌పెరిమెంటల్: ఫ్రీజ్ రోజుల్లో ఎంతవరకు ఆదుకుంటుంది?

డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలు చూసుకునేవాళ్లకి (మెయింటెయినర్లకి) దాదాపు రెండేళ్లకోసారి వచ్చే చిక్కు ఇది: అప్‌స్ట్రీమ్‌లో, అంటే అసలు ప్రోగ్రాం రాసేవాళ్ల దగ్గర, కొత్త వెర్షన్ సిద్ధం, ఇక్కడ ఫ్రీజ్, అంటే విడుదలకి ముందు మార్పులని అంచెలంచెలుగా ఆపేసే కాలం. డెబియన్ 13కి (ట్రిక్సీ) 2025 మార్చి 15న ట్రాన్సిషన్లు (లైబ్రరీ మారితే దానిమీద ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ చేసే మార్పులు) ఆపేశారు, ఏప్రిల్ 15న సాఫ్ట్ ఫ్రీజ్, మే 15న హార్డ్ ఫ్రీజ్, జులై 27న పూర్తి ఫ్రీజ్, ఆగస్టు 9న విడుదల. ఈ ఐదు నెలలు కొత్త కోడ్‌ని ఉంచడానికి ఉన్న చోటు ఎక్స్‌పెరిమెంటల్. దాని కోడ్‌నేమ్ ఆర్‌సీ-బగ్గీ, అంటే విడుదలని ఆపేంత బగ్‌లున్నది. హెచ్చరిక పేరులోనే ఉంది.

దీని విలువ తెలియాలంటే వాడకపోతే ఏమవుతుందో చూడాలి. తర్వాతి విడుదలగా మారేది టెస్టింగ్. దానిలోకి సవరణలు వెళ్లేది, మెయింటెయినర్లు మామూలుగా ప్యాకేజీలు ఎక్కించే అన్‌స్టేబుల్ మీదుగా. టెస్టింగ్‌లో 1.8 ఉండగా తొందరపడి అన్‌స్టేబుల్‌లో 2.0 పెట్టేశారనుకోండి. రేపు 1.8లో విడుదలని ఆపేంత బగ్ బయటపడితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలేవి రెండు. ఒకటి అన్‌స్టేబుల్‌ని తాకకుండా టెస్టింగ్‌కి పంపే టెస్టింగ్-ప్రపోజ్డ్-అప్‌డేట్స్, దానికి రిలీజ్ టీమ్ ఒప్పుకోవాలి, పైగా అటుగా వెళ్లే ప్యాకేజీని ముందుగా వాడి చూసేవాళ్లు ఉండరు. రెండోది 2.0+రియల్లీ1.8-1 లాంటి వెర్షన్ పెట్టి వెనక్కి రావడం. ఆ తర్వాత అసలు 2.0ని అదే నంబరుతో ఎక్కించలేరు, ఎందుకంటే లెక్కలో అది చిన్నదైపోతుంది. ఈ తలనొప్పి తప్పించడం ఒక్కటి చాలు, ఎక్స్‌పెరిమెంటల్‌కి మంచి మార్కులు వేయడానికి.

ఎక్కించే పద్ధతి కష్టమేమీ కాదు. చేంజ్‌లాగ్‌లో (ప్యాకేజీ మార్పుల చిట్టాలో) డిస్ట్రిబ్యూషన్ దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ అని రాయాలి. వెర్షన్‌ని 2.0-1~ఎక్స్‌ప్1 అన్న తీరులో ఇస్తే మేలు: టిల్డ్ (~) ఉన్నది లేనిదానికన్నా చిన్నదిగా లెక్కకొస్తుంది కాబట్టి విడుదలయ్యాక 2.0-1ని శుభ్రంగా అన్‌స్టేబుల్‌కి పంపొచ్చు. గిట్‌లో డెబియన్/ఎక్స్‌పెరిమెంటల్ అని వేరే బ్రాంచ్ పెట్టుకోవాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫ్రీజ్‌లో 1.8కి వేసిన ప్యాచ్‌ని ఈ బ్రాంచ్‌లోకి తేవడం మరిచిపోతారు. విడుదల తర్వాత 2.0 ఎక్కగానే పాత బగ్ తిరిగొస్తుంది. 1.8కి సవరణ ఎక్కించిన రోజే చేంజ్‌లాగ్‌తో సహా మెర్జ్ చేసేయాలి.

లైబ్రరీలకైతే లాభం ఇంకా ఎక్కువ. సోనేమ్ (లైబ్రరీ ఏ వెర్షన్‌తో పొసగుతుందో చెప్పే పేరు) మారితే బైనరీ ప్యాకేజీ (బిల్డ్ అయి ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్నది) పేరూ మారుతుంది, కాబట్టి కొత్త పేర్లని పరిశీలించే న్యూ క్యూలో ఆగాలి. అక్కడ రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఆ నిరీక్షణేదో ఫ్రీజ్‌లోనే గడిచిపోతే మంచిదే కదా. పైగా లైబ్రరీ ఎక్స్‌పెరిమెంటల్‌కి చేరగానే ఏయే ప్యాకేజీలు మళ్లీ బిల్డ్ కావాలో ట్రాన్సిషన్ ట్రాకర్ తనంతట తానే పట్టిక వేసి పెడుతుంది. అవి నిజంగా బిల్డ్ అవుతాయో లేదో చూసుకోవడం మాత్రం మీ పనే. ర్యాట్ అనే సాధనానికి మీ బిల్డ్ తయారుచేసిన .చేంజెస్ ఫైల్ ఇస్తే ఆధారపడ్డవాటిని ఒక్కొక్కటిగా బిల్డ్ చేసి ఏది విరిగిందో చెబుతుంది.

ఇక లోపాలు. వాడేవాళ్లు తక్కువ. ఆర్కైవ్‌లో నోట్‌ఆటోమేటిక్ (తనంతట తాను ఇన్‌స్టాల్ చేయొద్దు) అన్న గుర్తు ఉన్నందువల్ల, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ దీనికి ప్రాధాన్యం 1 మాత్రమే ఇస్తుంది. వాడుకరి పనిగట్టుకుని -టీ ఎక్స్‌పెరిమెంటల్ అని అడిగితే తప్ప ఏదీ రాదు. తెచ్చుకున్నాక ఇంకో తిరకాసు ఉంది. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్‌కి ప్రాధాన్యం 100, కాబట్టి ఎక్స్‌ప్2 వచ్చినా మామూలు అప్‌గ్రేడ్‌లో దిగదు, ఎక్స్‌ప్1 దగ్గరే ఉండిపోతుంది. భద్రతా సవరణలకి హామీ లేదు. కాబట్టి ఇక్కడ రెండు నెలలున్నా బగ్ రిపోర్టు ఒక్కటీ రాలేదంటే కోడ్ బాగుందని కాదు, ఎవరూ ముట్టుకోలేదని. మెయింటెయినర్‌కి ఇది మంచి గోదాము, పరీక్షశాలగా మాత్రం నాసిరకం.

చిన్న సవరణలకి దీన్ని వాడొద్దు. సాఫ్ట్ ఫ్రీజ్‌లో గురిచూసి చేసిన చిన్న మార్పు అన్‌స్టేబుల్‌కే వెళ్లాలి. హార్డ్ ఫ్రీజ్‌లో కీలక ప్యాకేజీలకి, ఆటోపీకేజీటెస్ట్ (తనంతట తాను నడిచే పరీక్ష) లేనివాటికి డెబ్‌డిఫ్ (రెండు వెర్షన్ల తేడా) జతచేసి అన్‌బ్లాక్ (టెస్టింగ్‌కి వెళ్లనివ్వమని రిలీజ్ టీమ్ అనుమతి) అడగాలి. పూర్తి ఫ్రీజ్‌లో అందరూ అడగాల్సిందే. బొత్తిగా కొత్త ప్యాకేజీ అయితే సాఫ్ట్ ఫ్రీజ్ తర్వాత టెస్టింగ్‌లోకి రానే రాదు, ఎక్స్‌పెరిమెంటల్‌లో పెట్టి ఊరుకోవడమే.

విడుదలయ్యాక ఇక్కడినుంచి ఏదీ దానంతటది అన్‌స్టేబుల్‌కి కదలదు. మళ్లీ ఎక్కించాలి, అదీ సోర్స్ మాత్రమే. మీ మెషీన్‌లో కట్టిన బైనరీలు కలిపి పంపితే టెస్టింగ్‌కి వెళ్లకుండా ఆగిపోతుంది. సోనేమ్ మారిన లైబ్రరీ ఉన్నవాళ్లు మొదటిరోజే ఎగబడకుండా రిలీజ్ టీమ్‌కి ట్రాన్సిషన్ బగ్ తెరిచి, వాళ్లు సరే అన్నాకే పంపాలి.