విమానంలో వచ్చే కుక్కపిల్ల: కార్గో కౌంటర్ నుంచి మంచం పక్క దాకా

కుక్కపిల్లని విమానంలో తెప్పించుకునేవాళ్ళు చాలామంది ముందు టికెట్ చూసి, తర్వాత క్రేట్ కొంటారు. ఈ వరస తిరగేయాలి. కిరాయి ఎంతవుతుంది, ఏ విమానం ఎక్కనిస్తారు, ఇంటికొచ్చాక మొదటి వారం ఎవరికైనా నిద్ర ఉంటుందా అన్నవన్నీ ఆ డబ్బా మీదే ఆధారపడతాయి.

విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా పెట్టిన లెక్క ఇది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి నేల నుంచి ముందుకాలి మోచెయ్యి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. భుజాల దగ్గర వెడల్పుకి రెట్టింపు క్రేట్ వెడల్పు. నిలబడ్డప్పుడు తల, చెవి కొసల్లో ఏది పైనుంటే అక్కడి దాకా కొలిచి, పరుపు మందం కలిపితే ఎత్తు. పిల్ల పొడవు 40 సెం.మీ., మోచెయ్యి 16, భుజాలు 13, తల ఎత్తు 32 అయితే, 2 సెం.మీ. పరుపుతో కలిపి లోపల కనీసం 48×26×34 ఉండాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకి దీనిమీద 10 శాతం ఎక్కువ. అసలు వాటిని కార్గోలో ఎక్కించుకోని విమాన సంస్థలే చాలా ఉన్నాయి. బ్రీడర్ పంపిన కొలతలు రెండు వారాల కిందటివైతే మళ్ళీ కొలిపించండి, ఆ వయసులో పిల్ల చూస్తుండగానే పెరుగుతుంది.

మడతపెట్టే తీగల క్రేట్ ఇంట్లో బాగుంటుంది కానీ కార్గోలో తీసుకోరు. గట్టి ప్లాస్టిక్‌ది కావాలి. పైభాగాన్నీ కిందిభాగాన్నీ ప్లాస్టిక్ క్లిప్పులతో కాదు, ఇనప నట్లు బోల్టులతో బిగించాలి. చక్రాలుంటే పీకేయాలి. దేశం దాటి వెళ్ళేదైతే నాలుగువైపులా గాలి కంతలు ఉండాలి. తలుపు తీయకుండానే నీళ్ళు పోయగలిగేలా గిన్నెలు లోపలివైపు తగిలించాలి. నీళ్ళ గిన్నెని ముందురోజు ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి తెస్తే ఎత్తి దించేటప్పుడు ఒలకదు, దారిలో కరుగుతూ తాగడానికి పనికొస్తుంది.

కార్గోనా, క్యాబినా? పిల్ల చిన్నదై, క్యారియర్‌తో (చేత్తో మోసే పెంపుడు జంతువుల సంచీతో) కలిపి సంస్థ పెట్టిన బరువు దాటకపోతే క్యాబినే మేలు. ఆ పరిమితి చాలా చోట్ల 7, 8 కిలోల దగ్గర ఉంటుంది. వెంట ఉండి తెచ్చే మనిషికి ఇచ్చే డబ్బు ఎక్కువనిపిస్తుంది గానీ కార్గో బిల్లు పక్కన పెట్టి చూడండి. కార్గోలో అసలు బరువు, డబ్బా కొలతల్ని బట్టి లెక్కకట్టే పరిమాణం బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కడతాం. 61×41×38 సెం.మీ. క్రేట్‌ని గుణించి 6000తో భాగిస్తే దాదాపు 16 కిలోలు. 4 కిలోల పిల్లకీ 3 కిలోల డబ్బాకీ కలిపి 16 కిలోల కిరాయి! అందుకే 'పెద్దయ్యాక కూడా పనికొస్తుంది' అని పెద్ద క్రేట్ కొంటే రెండిందాలా నష్టం. కుదుపుల్లో పిల్ల ఆ ఖాళీలో అటూ ఇటూ దొర్లుతుంది కూడా.

క్యాబిన్‌లో తెచ్చేవాళ్ళకి సెక్యూరిటీ దగ్గర జాగ్రత్త. క్యారియర్ ఎక్స్‌రేలోకి పోతుంది, పిల్ల చేతుల్లో ఉంటుంది. తప్పించుకునేది అక్కడే. ముందే హార్నెస్ (ఛాతీ పట్టీ) వేసి లీష్ (పట్టుకునే తాడు) మణికట్టుకి చుట్టుకోవాలి.

వయసు విషయంలో బేరం లేదు. 8 వారాలు నిండి, తల్లిపాలు మానేసి ఉండాలి. విదేశమైతే ఇంకా ఆగాలి. యూరోపియన్ యూనియన్‌లోకి 12 వారాలకి రేబిస్ టీకా, ఆపైన 21 రోజులు, అంటే కనీసం 15 వారాలు. అమెరికాలోకి 2024 ఆగస్టు నుంచి 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. బ్రిటన్‌కి విమానంలో వచ్చే పెంపుడు కుక్కలు కార్గోగానే దిగాలి. మైక్రోచిప్ రేబిస్ టీకాకి ముందే వేయించాలి. తర్వాత వేస్తే టీకా లెక్కలోకి రాక మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

మధ్యలో మారే విమానం కంటే నేరుగా వెళ్ళేది ఎప్పుడూ మేలు. తప్పదంటే జంతువుల కోసం వేరే ఏర్పాటు ఉన్న విమానాశ్రయం మీదుగా పంపండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యానిమల్ లౌంజ్ అలాంటిది. నడివేసవిలో మధ్యాహ్నం విమానం వద్దు. ఎండలో సామాను బండి మీద గడిచే ఆ కాసేపే పిల్లకి అసలు ప్రమాదం. మత్తుమందు కూడా వద్దు, అది శ్వాసనీ రక్తపోటునీ తగ్గిస్తుంది. పైగా మత్తులో ఉన్నట్టు కనిపిస్తే కౌంటర్‌లోనే తిప్పి పంపేయొచ్చు.

దిగే చోటు ప్రయాణికుల టెర్మినల్ కాదు, కార్గో షెడ్. దూరంగా ఉంటుంది. విమానం దిగాక పిల్ల చేతికొచ్చేసరికి గంట, రెండు గంటలు పడుతుంది. 11 అంకెల ఎయిర్‌వే బిల్ (కార్గో రసీదు) నంబరు, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. ఆ ఆఫీసు రాత్రుళ్ళు, సెలవుల్లో తెరిచి ఉంటుందో లేదో టికెట్‌కి ముందే అడగాలి. తలుపుకి జిప్ టైలు బిగించి ఉంటాయి కాబట్టి కటింగ్ ప్లయర్ వెంట ఉండాలి.

ఆత్రంతో షెడ్ ముందే తలుపు తీయొద్దు. క్రేట్‌ని కారులో పెట్టి, కారు తలుపులన్నీ మూసి, అప్పుడు జిప్ టైలు కోసి, చెయ్యి లోపలికి పోనిచ్చి మెడకి లీష్ తగిలించి బయటికి తీయాలి. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. తడిగా, గులాబీ రంగులో ఉంటే సరే. చిన్నజాతి పిల్ల వణుకుతూ, తూలుతూ, డీలాపడి ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు. చిగుళ్ళకి కొంచెం తేనె రాసి వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళాలి. నీళ్ళు కొద్దికొద్దిగా పట్టాలి, మేత గంట తర్వాత. అక్కడ కుక్కల కోసం కేటాయించిన గడ్డి మీద మాత్రం దించొద్దు. టీకాలు పూర్తికాని పిల్లకి పార్వో అనే ప్రాణాంతక వైరస్ అంటుకునేది అలాంటి చోటే. కారు వెనక నేల మీద పీ ప్యాడ్ (మూత్రం పీల్చుకునే గుడ్డ) పరిస్తే చాలు.

ఇల్లు నాలుగు గంటల్లోపు దూరమైతే హోటల్ ఆలోచన మానేయండి. తప్పదంటే 'పెట్స్ రానిస్తారా' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. రుసుము రాత్రికా, మొత్తానికా? కింది అంతస్తు గది దొరుకుతుందా? కార్పెట్టా, టైల్సా? టైల్స్ గదికే ఓటు. బోర్డింగ్ కెన్నెల్ మాత్రం టీకాలు పూర్తయ్యేదాకా వద్దు.

ఇక ఇంట్లో. బ్రీడర్ దగ్గర వారం ముందే క్రేట్ పెట్టించి, తల్లికీ తోబుట్టువులకీ రుద్దిన తువ్వాలు అందులో వేయిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. మొదటి రాత్రి క్రేట్ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. హాల్లో పెట్టి తలుపేస్తే తెల్లారేదాకా ఏడుపే. కాలర్ తీసేయండి, తీగలకి చిక్కుకుంటుంది. పడుకోబెట్టగానే వచ్చే కుంయ్ కుంయ్ పది నిమిషాల్లో సద్దుమణుగుతుంది. మూడు గంటలు నిద్రపోయి లేచి ఏడిస్తే అది పాస్ కోసం. ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళి, మాటల్లేకుండా, ఆటల్లేకుండా ఐదు నిమిషాలుండి వెనక్కి తెచ్చి పడుకోబెట్టాలి.

పగలు తలుపు మూసుకోకుండా వెనక్కి కట్టి, తెరిచే ఉంచి, మేత గింజలు లోపలికి విసరండి. రెండో రోజు నుంచి అన్నం గిన్నె లోపలే. తింటుండగా తలుపు మూసి, గిన్నె ఖాళీ అయ్యేలోపే తీయాలి. తర్వాత తలుపు మూసి ఉంచే సమయం ఒక నిమిషం, ఐదు, పది అని పెంచాలి. నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్నో అన్ని గంటలు పగలు క్రేట్‌లో ఉంచే హద్దు. రెండు నెలల పిల్లకి మూడు గంటలు, అదీ గరిష్ఠం.

ప్రయాణంలో క్రేట్‌లోనే తడిపేసుకున్న పిల్ల మళ్ళీ అందులోకి అడుగు పెట్టకపోవచ్చు. తోసి తలుపేస్తే ఇక జన్మలో వెళ్ళదు. ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి, అమ్మోనియా ఉన్న వాటితో కాదు. ఆ వాసన దానికి మూత్రం వాసనలాగే ఉంటుంది. తర్వాత బోల్టులు విప్పి పైభాగం, తలుపు పక్కన పెట్టి, కింది తొట్టినే మూడు నాలుగు రోజులు పడకగా వాడండి. దానంతటది వచ్చి పడుకోవడం మొదలెట్టాక పైభాగం, రెండు రోజులాగి తలుపు.